మోతికి మందు రాయొద్దన్న మల్లక్క

రెండు వేల పదిహేను వానాకాలం. అప్పటికింకా జిల్లాలు విడిపోలేదు. చెన్నూరు అవతలి అడవి పల్లెలన్నీ ఆదిలాబాద్ జిల్లా కిందే ఉండేవి. ఆ వైపు ఒక చిన్న ఊళ్ళోని పశువుల దవాఖానకు నన్ను డాక్టరుగా వేశారు. మెట్‌పల్లిలో పవర్‌లూమ్‌ల చప్పుడు మధ్య పెరిగినదాన్ని. మా బాపు నేసింది నూలుబట్టే అయినా, పట్టు మాట వస్తే మా ఇంట్లో అందరూ చెవులు రిక్కించేవాళ్ళు. ఆ పట్టునిచ్చే పురుగు ఎక్కడ పుడుతుందో, ఏం తిని బతుకుతుందో మాత్రం నాకు తెలియదు. అది ఒక కుక్క వల్ల తెలిసింది.

దవాఖానకు వచ్చేవి ఎక్కువగా ఎడ్లు, బర్లు, మేకలు. కుక్కను తీసుకొచ్చేవాళ్ళు అరుదు. అందుకే ఒకనాడు పొద్దున్నే పాల ఆటో దిగి, గొంగట్లో చుట్టిన కుక్కను ఎత్తుకుని వస్తున్న ఆడమనిషిని చూసి నేనే ఎదురెళ్ళాను. నలభై ఏళ్ళుంటాయేమో. చీర కుచ్చిళ్ళు మోకాలిదాకా తడిసి ఉన్నాయి.

"డాక్టరమ్మా, జర సూడు. నాల్గు దినాలసంది బుక్క ముట్టలే. నిన్నటిసంది ముక్కులకెళ్లి నెత్తురు కారుతుంది."

ఆమె పేరు మల్లక్క. కుక్క పేరు మోతి. ఎర్రమట్టి రంగు ఆడకుక్క, ఒళ్ళంతా గుబురు వెంట్రుకలు. బల్ల మీద పడుకోబెట్టి చెవి మడత తిప్పితే, లోపల చర్మం కనబడలేదు. ఆముదం గింజల్లా నెత్తురు తాగి ఉబ్బిన పిడుదులు ఒకదాని పక్కన ఒకటి అతుక్కుని ఉన్నాయి. వీటినే ఆ వైపు కొందరు గోమార్లంటారు. కాలివేళ్ళ సందుల్లోనూ, తోక మొదట్లోనూ అదే తీరు. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్ళు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. ఒళ్ళు కాలిపోతోంది.

చెవి చివర నుంచి ఒక చుక్క నెత్తురు తీసి గాజుపలక మీద పరిచి మైక్రోస్కోపు కింద చూశాను. దీన్ని స్మియర్ అంటాం. తెల్లకణాల్లో చిన్న చిన్న గుత్తులుగా కూర్చుని ఉంది ఎర్లీకియా. పిడుదు కాటు ద్వారా కుక్క నెత్తుట్లోకి ఎక్కే సూక్ష్మజీవి అది. మామూలు మాటల్లో టిక్ ఫీవర్. నెత్తురు గడ్డకట్టించే ప్లేట్‌లెట్లను తగ్గించేస్తుంది కనుక ముక్కు నుంచి నెత్తురు ఆగదు. మందు పడకపోతే కుక్క దక్కదు.

జబ్బుకు డాక్సీసైక్లిన్ గోలీలున్నాయి. అయితే ఒంటి మీద అన్ని పిడుదులు ఉంచుకుని గోలీలు మింగించడం, కుండకు అడుగున చిల్లి పెట్టుకుని నీళ్ళు పోయడంలాంటిది. ముందు వాటిని చంపాలి. బీరువాలోంచి మందు సీసా తీసి బకెట్లో నీళ్ళు పట్టమన్నాను. పురుగుమందుల జాతికే చెందిన మందు అది. నీళ్ళలో కలిపి కుక్క ఒంటికి పట్టిస్తే పిడుదులు రాలిపోతాయి.

సీసా చూడగానే మల్లక్క బల్లకూ నాకూ మధ్యకు వచ్చి నిలబడింది.

"గది వద్దు డాక్టరమ్మా."

"ఎందుకు? దీని ప్రాణం పోతుందక్కా."

"గా మందు దీని ఒంటికి రాస్తే నా పురుగు బతుకదు."

ఏం పురుగో నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. వాళ్ళది దసలి పట్టు. అడవిలో మద్ది చెట్ల మీద పెంచే పురుగులు. ఇంట్లో తట్టల్లో పెంచే పట్టుపురుగుల్లా కాదు, ఇవి ఎండా వానా చెట్టు మీదే. గుడ్ల నుంచి వచ్చిన పిల్లపురుగులను కొమ్మలకెక్కించి, అవి ఆకు తిని, వేలంత లావై, వాళ్ళు కాయ అనే పట్టుగూడు కట్టేదాకా మనిషి అక్కడే కాపలా ఉండాలి. కాకి, ఉడుత, కోతి అన్నీ వాటికి శత్రువులే. మొగుడు లింగయ్య రాళ్ళు విసిరే గులేరు పట్టుకుని ఒక దిక్కు, మోతి ఇంకో దిక్కు కాపలా. ఒక చెట్టుకు ఆకు అయిపోతే పురుగులున్న కొమ్మను కోసి ఇంకో చెట్టుకు మార్చేది మల్లక్క చేతులే.

"గీ చేతులతోనే దీన్ని నిమురుత. గీ చేతులతోనే పురుగును వడ్త. అది పొయ్యి గా చెట్ల మొదళ్ళకే ఒళ్ళు రుద్దుకుంటది. పోయినేడు అవతల పత్తి చేన్ల మందు కొట్టిన్రు. గాలి ఇటు మల్లింది. తెల్లారెసరికి పురుగులన్ని కింద రాలి వడ్డయి. చీపురుతోని ఊడ్సిన." చెబుతున్నప్పుడు ఆమె గొంతు పెరగలేదు. అదే నన్ను ఎక్కువ కదిలించింది.

"మరి మోతిని కొన్నాళ్ళు ఊళ్ళో ఉంచుతావా?"

"ఉంచి సూసిన. తాడు కొరుక్కోని ఉరికొచ్చింది. నా చేతుల కెళ్లి తప్ప తినదు. ఆయిన రాత్రంత చెట్లెంబడి తిరుగుతడు. గుడిసెల నేనొక్కదాన్నే. అది పక్కన ఉంటేనే నాకు అడివిల కన్ను మూతవడ్తది."

ఐవర్‌మెక్టిన్ సూది ఉంది గానీ, పిడుదుల మీద దాని పని అంతంతే. పైగా అంత నీరసపడ్డ కుక్కకు వేయడానికి నాకు ధైర్యం చాలలేదు. నోటికిచ్చే పిడుదుల గోలీలు అప్పటికి మా వైపు మందుల దుకాణాల్లోకి రాలేదు. సరే, జబ్బుకు డాక్సీ మొదలుపెట్టి, నరానికి సెలైన్ ఎక్కిస్తూ, ఒంటి మీది పిడుదుల సంగతి ఆలోచించాను. చెట్టు మందే నయమనిపించింది. వేపనూనె నీళ్ళలో కలిపి, కొంచెం సబ్బు నురగతో రాస్తే పిడుదులు పట్టు వదులుతాయి. కొత్తవి తొందరగా ఎక్కవు.

"వేపనూనె రాద్దామక్కా. అది మన చెట్టుదే."

మల్లక్క మొహం విప్పారింది. "వేపనా? వేపైతె మంచిదే. పోరగాండ్లకు అమ్మవారు పోస్తె గా మండలల్లనే పండవెడ్తం."

నూనె సీసా మూత తీశాను. ఆ ఘాటు గదంతా పరుచుకుంది. చేయి ఆగిపోయింది. పత్తి రైతులు పచ్చపురుగు మీద కొట్టేదీ వేపనూనే. ఆ పురుగూ ఆకు తినే పురుగే, మల్లక్క పురుగూ ఆకు తినే పురుగే. మూత పెట్టేసి, పట్టు పరిశ్రమ శాఖలో పనిచేసే తెలిసిన ఒకాయనకు ఫోన్ చేశాను.

ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "వద్దు మేడం. వేప తగిలిన ఆకు పట్టుపురుగు ముట్టదు, ముట్టినా సరిగ పెరగదు. చెట్టుకెల్లి వచ్చిన మందని పురుగుకేం తెలుస్తది? దానికి అది గూడ పురుగుమందే."

మల్లక్కకు చెబితే వేపనూనె సీసాను చేత్తో పక్కకు జరిపింది. "గట్లనా," అంది.

అక్కడి నుంచి మేమిద్దరం ఆ వైపు ఇళ్ళలో వాడే మందులన్నీ ఒకటొకటిగా తలచుకున్నాం. పొగాకు కషాయం అంది ఆమె. పొగాకు పట్టుపురుగుకు ఇంకా చేటు, నాకినా కుక్కకూ విషమే. సీతాఫలం గింజలు నూరిన ముద్ద పిడుదులను, పేలను చంపుతుంది, నిజమే. కానీ కంట్లో పడితే నల్లగుడ్డు పుండవుతుంది. అలా చూపు పోయిన మేకను అంతకుముందే చూశాను. ఎల్లిగడ్డ, అదే వెల్లుల్లి, తినిపిస్తే నెత్తురు వాసన మారి పిడుదు కరవదని పక్కింటివాళ్ళు చెప్పారట. ఎల్లిగడ్డ కుక్క నెత్తుట్లో ఎర్రకణాలను విరగ్గొడుతుంది. ఉన్న కాస్త నెత్తురూ పోతుంది. గ్యాస్‌నూనె, అంటే కిరసనాయిలు, పూస్తే తోలు కాలుతుంది. ఇక మిగిలిన ఉపాయం కోళ్ళు. పెరట్లో కోళ్ళుంటే పిడుదులను ఏరుకుని తింటాయి.

మల్లక్క మొదటిసారి నవ్వింది. "కోళ్ళను ఇడిస్తె ముందుగాల నా పట్టుపురుగులనే ఏరుకుంటయి."

ఇక ఒకటొకటిగా ఏరడమే దారి; ఆ రాత్రి మల్లక్క దవాఖానలోనే ఉండి మోతిని పట్టుకుంటే, నేను దొరికినన్ని పిడుదులు ఏరాను. మర్నాడు లింగయ్య వచ్చాడు. సన్నగా, ఎండకు మాడిన మనిషి. వాకిట్లోనే నిలబడి పెండ్లానికి వినబడేలా అన్నాడు, "కోతుల మంద దిగింది. నేనొక్కన్ని ఎన్ని దిక్కుల ఉరుకాలె? కుక్కకోసం నువ్వీడ కూసుంటె పంట ఆడ వాయె."

"నా చేతుల కెళ్లే తింటదని తెలువదా?" అంది మల్లక్క.

"తెలుసు. గని రెండు దిక్కుల నువ్వే కావాలెనంటే ఎట్ల?"

అందులో కోపం లేదు, అలుపుంది. ఆమె మోతి పక్కన కూర్చుని దాని తల నిమిరింది. తర్వాత లేచి, "డాక్టరమ్మా, నీ చేతుల వెడుతున్న," అని వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. ఆ పొద్దంతా మోతి వాకిలి వైపే చూస్తూ పడుకుంది. సాయంత్రం మళ్ళీ ముక్కు నుంచి నెత్తురు కారింది. తడిగుడ్డతో అదిమి పట్టుకున్నాను. గోలీని నాలుక వెనకకు నెట్టి గొంతు నిమిరి మింగించాను. జొన్నగట్క పలుచగా చేసి వేలికి రాసి పళ్ళ సందున పెట్టాను. మొదట ఊసేసింది. చాలాసేపటికి నాలుక కదిపింది. ఆ ఒక్క కదలికకే నాకు ఆకలైంది. పొద్దుట్నుంచి నేనూ ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది.

తోక కొంచెం ఆడించేదాకా దవాఖాన షెడ్డులోనే ఉంచుకుని, మధ్యలో వీలు చేసుకుని మల్లక్క వాళ్ళ మద్ది తోట చూడ్డానికి వెళ్ళాను. కుక్కకు ఇన్ని పిడుదులు ఎక్కడి నుంచి ఎక్కుతున్నాయో చూడకుండా తిప్పి పంపడం నాకు ఇష్టం లేదు.

మద్ది చెట్ల మధ్య నడుస్తుంటే మొదట ఏమీ కనబడలేదు. లింగయ్య ఒక కొమ్మ వంచి చూపించాడు. ఆకు రంగులోనే ఉన్న పురుగు, ఒంటి మీద వెండి చుక్కలు, ఆకు అంచు పట్టుకుని నిదానంగా కొరుకుతోంది. చెవి పెడితే ఆ చెట్టంతా సన్నగా చినుకు పడుతున్న చప్పుడు. మా ఇంట్లో చెవులు రిక్కించి విన్న పట్టు ఇంత మెత్తగా మొదలవుతుందా అనుకున్నాను.

గుడిసె తోటకు ఒక పక్కన ఉంది. మట్టి మెత్తిన తడకలు, గడ్డి కప్పు. మోతి పడుకునే చోట పాత గోనెసంచులు. తడక మీద మట్టి పెచ్చు ఒకటి పుల్లతో లేపాను. వెనక పగులు నిండా పిడుదులు. నెత్తురు తాగి దిగినవి, గుడ్లు పెడుతున్నవి, ఆవగింజల కన్నా చిన్న పిల్లలు. మంచం కోళ్ళు కలిసే సందుల్లోనూ, నులక ముడుల్లోనూ అవే.

చాలామంది గమనించని సంగతి ఇది. కుక్క మీద కనబడేవి కొన్నే. పిడుదు కుక్క మీదకు తినడానికే వస్తుంది. తిన్నాక దిగిపోయి గోడల్లో, పగుళ్ళలో, గోనెల్లో కాపురం చేస్తుంది. కుక్కకు ఏం రాసినా, ఇల్లు అట్లాగే ఉంటే మళ్ళీ ఎక్కుతాయి.

"గుడిసె పీకి కాలబెట్టాలి లింగన్నా," అన్నాను.

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. "కుక్క కోసం గుడిసె వీకాల్నా? వానలల్ల? మల్ల కట్టుకునెదెప్పుడు, పురుగును సూసుకునెదెప్పుడు?"

మల్లక్క మొగుడి దగ్గరికి వెళ్ళి, ఆయన అంగీ అంచు పైకెత్తింది. నడుము చుట్టూ ఎర్రగా దద్దుర్లు, కొన్ని గోకి గోకి పుండ్లయినవి.

"కుక్క కోసమే అనుకున్నవా? నువ్వు పండేది గూడ గదే మంచమ్మీద. రోజు గోక్కునుడే గోక్కునుడు. ఏంది, ఏంది అంటే చెమటకాయలంటివి."

లింగయ్య అంగీ కిందికి లాక్కున్నాడు. తర్వాత గొడ్డలి తెచ్చుకున్నాడు.

అయితే అక్కడ నిప్పు పెట్టలేం. పొగ తగిలితే పురుగు తిండి మానుతుంది. తడకలు, గడ్డి, గోనెలు పట్టా మీద వేసి, దులపకుండా మోసుకుపోయి వాగు ఒడ్డున ఇసుకలో కుప్ప వేశారు. గాలి తోట వైపు ఉంది. అది మళ్ళేదాకా ముగ్గురం అక్కడే కూర్చున్నాం. మబ్బు కమ్ముకొస్తోంది. వాన ముందొస్తుందా గాలి ముందు మళ్ళుతుందా అని లింగయ్య మాటిమాటికి ఇసుక పిడికిట పట్టి వదులుతున్నాడు. చివరికి ఇసుక వాగు అవతలికి పడింది. నిప్పు అంటుకున్నాక తడకల పగుళ్ళలోంచి పిడుదులు చిటచిట పేలిన చప్పుడు వినబడింది. అది విని ముందుగా నవ్వింది లింగయ్యే.

మంచం సందుల్లో మసిలే నీళ్ళు పోశాం. కొత్త గుడిసె ఎండ తగిలే ఖాళీలో, మట్టి మెత్తకుండా, గాలి ఆడేలా వేసుకున్నారు. చుట్టూ గడ్డి గీకేశారు. మోతి పడకకు గోనె బదులు వెదురు చాప. రోజూ ఎత్తి ఎండబెట్టడానికి, వేణ్ణీళ్ళు పోయడానికి వీలైనది. గుబురు వెంట్రుకలు నేనే కత్తిరించాను. పిడుదును ఎలా తీయాలో మల్లక్కకు చూపించాను. చిమ్టాతో, అంటే చిన్న పట్టకారుతో, తోలుకు ఆనించి పట్టి, తిప్పకుండా తిన్నగా లాగాలి, గోటితో నలపకూడదు, సబ్బునీళ్ళ డబ్బాలో వేయాలి. నలిపితే దానిలోని జబ్బు మన పుండులోకి ఎక్కవచ్చు.

"మరి గోలీలు గూడ మందే గదా? అవి ఎందుకు ఆపవు?" అని అడిగింది ఆమె. మంచి ప్రశ్న.

"గోలీ పని మోతి నెత్తుట్లో. నీ పురుగుకు దానితో తగువు లేదక్కా. ఒంటి మీది పిడుదులను నీ చేతులు తీస్తాయి, నెత్తుట్లో ఉన్న జబ్బును చేతులు తీయలేవు. ఒక్క పూట తప్పినా జబ్బు తిరగబెడుతుంది."

తప్పలేదు. గోలీల కోర్సు పూర్తయ్యేదాకా రొట్టెముక్కలో పెట్టి తినిపించింది. పొద్దున ఒకసారి, పొద్దుగూకే ముందు ఒకసారి మోతిని ఒళ్ళో వేసుకుని చెవులు, వేళ్ళ సందులు వెతికేది. మొదట్లో డబ్బా అడుగు నల్లగా కనబడేది. కాయలు కట్టే రోజులకు ఎప్పుడో ఒకటి దొరికేది. పూర్తిగా పోయాయని నేను చెప్పను. అడవిలో కుక్కకు పిడుదు అసలే ఎక్కకుండా ఏ ఉపాయమూ లేదు.

మోతి బతికింది. కానీ జబ్బు ఎడమ కంటిని దెబ్బ తీసింది. ఆ కంట్లో మబ్బులాంటి పొర నిలిచిపోయింది. పంట కూడా నిండుగా రాలేదు. కోతులు తినగా మిగిలింది కాయ కట్టింది. బస్తాలు ఆటోలో వేసుకుపోతూ మల్లక్క దవాఖాన ముందు దిగింది. ఒక దసలి కాయ నా చేతిలో పెట్టింది. గట్టిగా, తేలిగ్గా, గుడ్డులా ఉంది. మోతి ఆటోలోంచి దుంకి నా కాళ్ళ చుట్టూ తిరిగింది, గుడ్డి కన్ను ఉన్న పక్క గడపకు తగులుకుంటూ.

"కన్ను పోయిందని బాధగ ఉందా?" అని అడిగాను.

"ఉండదా? ఉంటది. గని కోతులకు దానికి ఒక కన్నే ఉన్నదని తెల్వది గదా," అంది.

ఇప్పుడు కరీంనగర్‌లో సొంతంగా చిన్న క్లినిక్ నడుపుతున్నాను. వచ్చేవాళ్ళలో చాలామంది ఫోన్లో ఏదో చూసి వస్తారు. "మేడం, కెమికల్స్ వద్దు. నేచురల్‌గా ఏమన్న చెప్పండి," అంటారు. వాళ్ళ భయం నాకు అర్థమవుతుంది, దాన్ని తీసిపారేయను. వేపనూనె పనికొచ్చే ఇళ్ళున్నాయి, కొన్ని కుక్కలకు గోలీయే రాయాల్సిన ఇళ్ళూ ఉన్నాయి. సహజమైనది అన్న మాటకు మంచిది అని అర్థం లేదు, కెమికల్ అన్న మాటకు చెడ్డది అనీ లేదు. ఏ మందైనా ఎవరికో ఒకరికి విషమే. కుక్కల మీద వాడే ఒకరకం మందు పిల్లికి తగిలితే చస్తుంది. చేపల తొట్టి ఉన్న గదిలో కొన్ని స్ప్రేలు కొట్టకూడదు.

కాబట్టి కుక్క చెవి తిప్పి చూడకముందే ఒక మాట అడగడం అలవాటైంది: "దీనితోపాటు మీ ఇంట్లో ఇంకెవరెవరుంటారు?"

మొన్న కుక్కను తీసుకొచ్చిన ఒక అమ్మాయి, కాలేజీలో చదువుతోందట, ఈ ప్రశ్నకు నవ్వింది. "ఎవ్వరున్నరు మేడం, అమ్మ, నాన్న, నేను." లేచి నిలబడ్డది, మందు రాయించుకుపోదామని. అంతలో ఏదో తోచినట్టు మళ్ళీ కూర్చుంది.

"నానమ్మ ఉన్నది మేడం. కింద చాప మీద పండుకుంటది. ఇది ఆమె కడుపుల దూరి పంటది. రోజు ఒళ్ళంత దురద అంటది, మేం ముసలితనం అనుకున్నం."

కలం పక్కన పెట్టాను. "నానమ్మ పడుకునే గోడ ఎట్లుంటది? పగుళ్ళేమన్న ఉన్నయా?" అని అడిగాను.